కాగితం మీద నాలుగు రోజులు

"చచ్చిపోయిందట! నా దావా చచ్చిపోయిందట, నాన్నా!"

లేసీ ఫోన్ని వంటింటి బల్ల మీదికి గిరాటేసింది. అది జర్రున జారి, మొన్నటి పుట్టినరోజు కేకులో మిగిలిన ముక్కకు తగిలి ఆగింది. ఫోన్లో లాయరు ఆస్‌బర్న్ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"లేసీ, నన్ను పూర్తిగా చెప్పనీ తల్లీ..."

"ఇంకేం చెప్తారండీ! చావు కబురు చల్లగా చెప్పారుగా!"

హోబర్ట్ స్టిడమ్ చేతిలో కాఫీ మగ్గుతోనే ఫోను మీదికి వంగాడు. "ఆస్‌బర్న్ గారూ, దావా చావడమేంటి? దానికేమన్నా గుండెకాయా ఊపిరితిత్తులా? మాకర్థమయ్యేలా చెప్పండి."

"సర్కారు తరఫువాళ్లు గంట కిందట అర్జీ పెట్టారండీ. ఇరవయ్యొకటి నిండనివాళ్లకు లైసెన్సు దుకాణంలో పిస్తోలు అమ్మకూడదన్న చట్టం చెల్లదని కదా మన దావా. మీ అమ్మాయికి డిసెంబరు ముప్పై ఒకటితో ఇరవయ్యొకటి నిండాయి. ఇప్పుడు ఏ దుకాణానికెళ్లినా చక్కగా అమ్ముతారు. బాధే లేకపోయాక బాధితురాలెక్కడుంది, కొట్టేయండి అంటున్నారు."

"రేపు పదింటికి తీర్పు చెప్తానన్నాడు కదా జడ్జి?"

"డిసెంబరు పద్ధెనిమిదినే చెప్పేవాడు. మంచు పడి కోర్టు మూసేశారు. మీ అమ్మాయి పుట్టినరోజెప్పుడో మంచుకేం తెలుసు చెప్పండి!"

హోబర్ట్ మగ్గు దించాడు. ఆయన మొహంలో కోపం కంటే ఊరట ఎక్కువ కనిపించింది. రెండేళ్ల నుంచి ఇంటి గుమ్మం ముందు పత్రికలవాళ్లు, కెమెరాలవాళ్లు. బ్రష్‌క్రీక్ కౌంటీకి పన్నుల అధికారిగా మూడోసారి ఎన్నికై, నిన్నగాక మొన్న ప్రమాణం చేసిన మనిషి. ఫ్రిజ్ తలుపు మీద ఆయన ఎన్నికల అయస్కాంతం బిళ్ల ఇంకా అతుక్కునే ఉంది. 'హోబర్ట్ స్టిడమ్: మాటంటే మాటే' అని.

"పోతే పోయిందిలేవే. రేపు దర్జాగా నడుచుకుంటూ వెళ్లి కొనుక్కో. పెళ్లి ఆగిపోయినట్టు ఆ ఏడుపేమిటి?"

"నాక్కావాలని వేశానా నాన్నా? నాకే అయితే తాతయ్య రివాల్వరు నువ్విస్తానన్నావుగా! తండ్రి కూతురికి కానుకగా ఇచ్చుకోవచ్చు, చట్టం ఏమీ అనదు. నాకు నాన్న ఉన్నాడు. దీనికెవరున్నారు?"

'దీనికి' అని లేసీ వేలు చూపించింది ఫ్రిజ్ పక్కన నిలబడ్డ షెల్బీని. సరుకుల కొట్టులో వేసుకునే ఆకుపచ్చ యాప్రాన్ విప్పకుండానే పరుగెత్తుకుని వచ్చినట్టుంది. ఇరవయ్యేళ్లు. తల్లీతండ్రీ ఎవరో తెలియక నాలుగు పెంపుడిళ్లలో పెరిగి, పద్ధెనిమిదికి కొండవాలులో రేకుల ఇంట్లో ఒంటరిగా తేలింది. దాన్ని ప్రేమించానని చెప్పి ఎముకలు విరగ్గొట్టినవాడొకడున్నాడు. వాడు దరిదాపుల్లోకి రాకూడదని కోర్టు రాసిచ్చిన కాగితం షెల్బీ బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. కాగితం బ్యాగులో ఉంటే వాడు గుమ్మంలో ఉంటాడని దాని భయం.

"ఒక మాటంటాను, తప్పుగా అనుకోకు షెల్బీ," అన్నాడు హోబర్ట్. "పొడుగు తుపాకీ పద్ధెనిమిదికే అమ్ముతారు కదమ్మా."

"ఉంది బాబాయ్, కొనుక్కున్నాను. రాత్రి ఎనిమిదింటికి కొట్టు మూసి, బస్సు దిగి, మైలున్నర నడుస్తాను. రోజూ రైఫిలు భుజానేసుకుని టమాటాలు తూచమంటావా?"

హోబర్ట్ కాఫీ మగ్గు అటూ ఇటూ జరిపాడు. నవ్వొచ్చినా నవ్వలేదు.

"లాయరుగారూ," అని షెల్బీ ఫోను దగ్గరికి వచ్చింది. "నా పేరు చేర్చండి. పొద్దున మీకు ఫోన్లో చెప్పిన మాట మీదే ఉన్నాను."

ఇది అందరికీ కొత్త. రెండేళ్లుగా 'నా పేరు వద్దు, దావాలో పేరుంటే నా ఊరూ పేరూ పేపర్లో పడతాయి, వాడు చూస్తాడు' అని కాళ్లావేళ్లా పడి, లేసీ చేత తన బదులు వేయించింది ఈ పిల్లే.

"వాడికి తెలిసిపోయింది," అంది షెల్బీ, నేల చూపులు చూస్తూ. "క్రిస్మస్ మర్నాడు తలుపు తీస్తే మెట్టు మీద వాడి టోపీ ఉంది. వాడు లేడు, టోపీ ఉంది. ఇంక దాక్కుని ఏం లాభం?"

లేసీ వెళ్లి షెల్బీ చెయ్యి పట్టుకుంది.

"చేర్చేవాణ్ణే తల్లీ," ఆస్‌బర్న్ నిట్టూర్చాడు. "బతికున్న దావాలో కొత్తవాళ్లను చేర్చొచ్చు. చచ్చినదాన్లో కాదు. లేసీకి ఇరవయ్యొకటి నిండకముందు నువ్వీ మాట అనుంటే రేపు నీ పేరు మీద దర్జాగా నడిచేది. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి వెయ్యాలి. ఇంకో రెండేళ్లు. అప్పటికి నీకూ ఇరవయ్యొకటి దాటిపోతాయి."

"అంటే ఇది ఎప్పటికీ తేలదన్నమాట!" లేసీ బల్ల మీద గుద్దింది. "దావా వేసినవాళ్లు ముసలాళ్లయ్యేదాకా కూర్చుంటే గెలిచేస్తారు సర్కారువాళ్లు!"

"రేపు జడ్జి ముందు నిన్ను ప్రమాణం చేయించి, డిసెంబరు ముప్పై ఒకటిన పుట్టావా అని అడుగుతారు. అవునంటావు. ఐదు నిమిషాల పని. పొద్దున తొమ్మిదిన్నరకల్లా వచ్చేయండి."

ఇంతసేపూ సింకు దగ్గర అటు తిరిగి నిలబడ్డ ఓలెటా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆవిడ లేసీ తల్లి. మాట్లాడకపోవడానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. నిజం చెప్పాలంటే, దావా చచ్చిందన్న మాట చెవిని పడగానే ఓలెటా గుండెల మీద బండ దిగినట్టయింది. ఈ దావా గెలవాలని ఆవిడ ఏనాడూ కోరుకోలేదు. ఆ సంగతి దాచుకోనూ లేదు. 'పంతొమ్మిదేళ్లవాడి చేతికి పిస్తోలిస్తే ఏమవుతుందో నాకు చెప్పకు' అని మొదటిరోజే కూతురి మొహం మీద అంది. ఆవిడ తమ్ముడు డ్వైట్‌కి అప్పుడు పంతొమ్మిదే. పక్కింటివాడి దగ్గర కొన్నాడు. పొద్దున చేతికొచ్చింది, సాయంత్రానికి దానితోనే కాల్చుకుని పోయాడు. ఒక పిల్ల కాదంటే వచ్చిన దుఃఖం. ఇంకో ఏడాది ఆగుంటే ఆ పిల్ల పేరు కూడా మర్చిపోయేవాడని ముప్పయ్యేళ్లుగా ఆవిడ అనుకోని రోజు లేదు.

కాబట్టి నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. దావా పోతుంది, మొగుడి పరువు నిలుస్తుంది, ఇల్లు చల్లబడుతుంది. ఇంత సులువుగా ఏ పాపమూ కలిసిరాదు.

కానీ ఆ 'ప్రమాణం' అన్న మాట దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కడుగుతున్న పళ్లెం నీళ్లలోనే ఉండిపోయింది. రేపు ఆ పిల్ల బైబిలు మీద చెయ్యి పెట్టి, తనకు తెలియకుండానే, తల్లి చెప్పిన అబద్ధాన్ని దేవుడి సాక్షిగా వల్లిస్తుంది.

"ఆస్‌బర్న్ గారూ," అంది ఓలెటా, ఇటు తిరక్కుండానే. "దానికి ఇరవయ్యొకటి ఇంకా నిండలేదు."

"ఓలీ!" అన్నాడు హోబర్ట్.

ఆ ఒక్క పిలుపు చాలు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన భుజాలు తడుముకున్నాడు.

"ఏంటమ్మా?" లేసీ తల్లి దగ్గరికి నడిచింది. "ఏమన్నావ్?"

ఓలెటా చేతులు తుడుచుకుని తిరిగింది. "నువ్వు పుట్టింది డిసెంబరు ముప్పై ఒకటిన కాదు. జనవరి నాలుగున. తెల్లవారుజామున ఐదింటికి. మోకాళ్ల లోతు మంచు, ఆసుపత్రికి దారి లేదు. మీ నానమ్మ ఐడెల్లా చేతుల్లో పడ్డావు. నీకు ఇరవయ్యొకటి నిండేది ఎల్లుండి."

 ఫోన్లో ఆస్‌బర్న్ కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు.

"ఏమన్నారమ్మా? ఇంకోసారి చెప్పండి. మెల్లగా చెప్పండి, రాసుకుంటున్నాను!"

"ఇందులో రాసుకోడానికేం లేదు!" హోబర్ట్ అరిచి ఫోన్ కట్టేయబోయాడు. లేసీ దాన్ని అందకుండా లాక్కుంది.

"నాన్నా, నిజమేనా?"

హోబర్ట్ ఫ్రిజ్ మీది తన బిళ్ల కేసి చూసి, తల తిప్పుకున్నాడు.

"ఎందుకు? నాలుగు రోజుల కోసం ఎవరైనా అబద్ధం చెప్తారా?"

"డిసెంబరు ముప్పై ఒకటి అర్ధరాత్రిలోపు పిల్ల పుడితే ఆ ఏడాదంతటికీ పన్నులో మినహాయింపు," అంది ఓలెటా. "మర్నాడు పుడితే ఏమీ లేదు. మీ నాన్న పనిచేసే గని మూసేసి అప్పటికి ఐదు నెలలు. ఇంట్లో చలి కాచుకునే పొయ్యి కూడా లేదు. దారి తెరిచాక కౌంటీ ఆఫీసులో రాయించినప్పుడు నాలుగు రోజులు వెనక్కి జరిగాయి. ఇంట్లో పుట్టిన పిల్ల. అడిగేవాడెవడు?"

"పన్ను!" లేసీ నోరు తెరిచింది. "పన్నుల అధికారి హోబర్ట్ స్టిడమ్! మా నాన్న! పన్ను ఎగ్గొట్టాడు! అదీ నన్ను చూపించి!"

ఏడవాలో నవ్వాలో తెలియక ఆ పిల్ల రెండూ కలిపి చేసింది. షెల్బీ నోటికి యాప్రాన్ అడ్డం పెట్టుకుంది.

"నవ్వండి, నవ్వండి," హోబర్ట్ మొహం కందగడ్డయింది. "రేపు ఊరంతా నవ్వుతుంది. మీరు ముందు మొదలెట్టండి."

"అందుకా!" లేసీ ఉన్నట్టుండి తల్లి భుజాలు పట్టుకుంది. "ఏటా జనవరి నాలుగున ఊరికే ఎండు ఆపిల్స్‌తో పొరల కేకు చేస్తావు. ఎందుకమ్మా అంటే ఆపిల్స్ పాడైపోతాయంటావు. అందుకా?"

ఓలెటా తలూపింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టినరోజు ఎంత ఆర్భాటంగా చేసినా, ఆ పూట తల్లికి అది పరాయి పండగలాగే ఉండేది.

"ఓలెటా గారూ!" ఆస్‌బర్న్ గొంతు ఇప్పుడు పెళ్లికొడుకు గొంతులా ఉంది. "రేపు పొద్దున పదింటికి మీ అమ్మాయికి ఇరవయ్యేళ్లే! దావా బతికే ఉంది! ఒక్కరోజు! ఆ ఒక్కరోజులో షెల్బీని చేర్చేస్తాను. కానీ రుజువు కావాలి. బర్త్ సర్టిఫికెట్ తప్పని చెప్పడానికి అంతకంటే గట్టి కాగితం కావాలి. మీవైపు పెద్దవాళ్లు ఇంటి బైబిల్లో పుట్టుకలు రాస్తారు కదా?"

ఆయన మాట పూర్తి కాకముందే లేసీ ముందుగదిలోకి పరుగెత్తింది.

నానమ్మ బైబిలు అట్ట ఊడి, తాడుతో కట్టి ఉంది. లేసీ దాన్ని గుండెలకు హత్తుకుని తెచ్చి బల్ల మీద పెట్టింది. ముగ్గురు ఆడవాళ్లూ దాని మీదికి వంగారు. హోబర్ట్ మాత్రం కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

మధ్యలో పుట్టుకల పేజీ. ఐడెల్లా మంత్రసానితనానికి తగ్గట్టే ఏదీ వదలకుండా రాసింది. ఎవరి పిల్ల, ఏ రోజు, ఏ గంట, బయట ఎండా వానా. హోబర్ట్ పుట్టుక ఉంది. ఆయన అన్నదమ్ములవి ఉన్నాయి. పేజీ అడుగున లేసీ పేరు.

'లేసీ ఐడెల్లా స్టిడమ్. ఆడపిల్ల. ఏడు పౌండ్లు. మంచి గొంతు.'

తారీఖు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఖాళీ!" లేసీ పేజీని వెలుతురుకు పట్టి చూసింది. "చెరిపేశారా?"

"ఎవరూ చెరపలేదు," అన్నాడు హోబర్ట్ కిటికీ దగ్గర్నుంచి. చాలాసేపటికి ఆయన గొంతు మామూలుగా పలికింది. "మా అమ్మ రాయలేదు. బైబిల్లో అబద్ధం రాయనంది. నిజం రాస్తే కొడుకు దొంగవుతాడు. పెన్ను పట్టుకుని గంటసేపు కూర్చుంది. నాకు గుర్తే. చచ్చిపోయేదాకా దాని గురించి నాతో ఒక్క మాట అనలేదు."

ఫోను అవతల ఆస్‌బర్న్‌కి సంగతి అర్థమైంది. "అయితే మనుషులే చెప్పాలి. ఆ గదిలో ఉన్నవాళ్లు. ఐడెల్లా గారు లేరు కాబట్టి మీరిద్దరే. చూడండి హోబర్ట్ గారూ, అప్పటి అబద్ధానికి ఎప్పుడో కాలదోషం పట్టింది. మిమ్మల్నెవరూ జైల్లో పెట్టరు."

"జైలైతే నయం," అని హోబర్ట్ కోటు తీసుకున్నాడు. "జైల్లో పొరుగువాళ్లు ఎదురుపడరు."

తలుపు ధడాలున పడింది. ట్రక్కు బయల్దేరిన చప్పుడు మాత్రం రాలేదు.

పొద్దు వాలుతుండగా ఓలెటా బయటికి వెళ్లింది. హోబర్ట్ ట్రక్కులోనే కూర్చుని ఉన్నాడు. తాళం చెవి చేతిలోనే ఉంది. ఆవిడ పక్కసీట్లోకి ఎక్కింది.

ముందద్దం మీద మంచు పేరుకుంటోంది.

"నీకీ దావా ఇష్టం లేదు," అన్నాడాయన. "డ్వైట్ పేరు చెప్పి ఇంట్లో అందరితో పోట్లాడావు. అది చస్తుంటే నువ్వే నీళ్లు పోశావు. నాకర్థం కావడం లేదు ఓలీ."

"ఇప్పుడూ ఇష్టం లేదు. జడ్జి న్యాయంగా కొట్టేస్తే ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతాను. కానీ నా అబద్ధం దాన్ని చంపకూడదు. నా పిల్ల నోటితో ఆ అబద్ధం పలక్కూడదు."

"నీ అబద్ధమేంటి? ఆఫీసుకు వెళ్లింది నేను."

"చెప్పింది నేను. మంచంలో పడుకుని, 'నాలుగు రోజులు ముందొచ్చుంటే ఈ పిల్ల పొయ్యి కూడా వెంట తెచ్చుకునేది హోబ్' అన్నది నేను. నువ్వు నవ్వావు. నేను నవ్వలేదు. మర్నాడు మళ్లీ అన్నాను. సంతకం కూడా పెట్టాను."

హోబర్ట్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, వదిలేశాడు. 

"రేపొస్తావా?" అందావిడ.

ఆయన తాళం చెవిని వేళ్ల మధ్య తిప్పాడు. ఓలెటా కాసేపు చూసి దిగిపోయింది.

తెల్లారేసరికి ట్రక్కు లేదు.

"పారిపోయాడు," అంది లేసీ. "మాటంటే మాటేనట!"

"నోరు ముయ్యి," అంది తల్లి. ఆవిడకూ అదే అనుమానం ఉండటం వల్ల ఆ మాట మరీ కటువుగా వచ్చింది. ముగ్గురాడవాళ్లూ లేసీ పాతకారులో, అది మూడుసార్లు ఆగిపోయాక, కోర్టుకు చేరారు.

కోర్టు మెట్ల మీద ఇసక వేస్తే రాలనంత జనం. పిస్తోళ్ల బిళ్లలు పెట్టుకున్నవాళ్లు ఒకవైపు, చనిపోయిన పిల్లల ఫోటోలు పట్టుకున్న తల్లులు ఇంకోవైపు. ఆ రెండోవైపు నిలబడ్డ ఒకావిడ ఓలెటాను గుర్తుపట్టి తల వంచింది. డ్వైట్‌తో చదువుకున్న మనిషి. ఓలెటా కూడా తల వంచి, కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. ఎటువైపు నిలబడాలో ఆవిడకే తెలియలేదు.

లోపల మొదటి వరసలో హోబర్ట్ ఉన్నాడు. చావులకు వేసుకునే నల్ల సూటులో, నున్నగా గడ్డం గీసుకుని, గంట ముందే వచ్చి కూర్చున్నాడు.

"నాన్నా!" లేసీ ఆయన మెడకు చుట్టుకుంది.

"జుట్టు సరిచేసుకో. జడ్జి చూస్తాడు," అన్నాడు హోబర్ట్.

జడ్జి ప్రూయిట్ ముసలివాడు, జలుబుతో ఉన్నాడు, ముక్కు తుడుచుకుంటూనే మొదలెట్టాడు. ఆస్‌బర్న్ లేచి, దావా వేసినమ్మాయికి ఇరవయ్యొకటి నిండేది రేపటికని చెప్పగానే గదంతా గుసగుసలు. సర్కారు లాయరు మార్గో హెయిన్స్ అనే సన్నటి మనిషి, రాత్రే కబురందినట్టుంది, దస్త్రం సిద్ధంగా పెట్టుకుంది. షెల్బీ పేరు చేర్చమన్న కాగితం ఆస్‌బర్న్ చేతిలోనే ఉంది. జడ్జి ఊఁ అంటే చాలు, ఇచ్చేస్తాడు.

హోబర్ట్ బోనెక్కాడు. చెయ్యెత్తి ప్రమాణం చేశాడు.

"నా కూతురు పుట్టింది జనవరి నాలుగున. డిసెంబరు ముప్పై ఒకటని రాయించింది నేనే. పన్ను కోసం." గొంతు ఎక్కడా తడబడలేదు. "నేనీ కౌంటీకి పన్నుల అధికారిని. ఇవాళ సాయంత్రం రాజీనామా ఇస్తున్నాను."

వెనక వరసల్లో ఎవరో ఈలేశారు. ఎవరో తిట్టారు. జడ్జి బల్ల మీద కొట్టాడు. ఓలెటాకు ముప్పయ్యేళ్ల కాపురంలో మొగుడు ఇంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు.

మార్గో హెయిన్స్ లేచింది. "మీ భార్యకు ఇది తెలుసా?"

"తెలియదు," అన్నాడు హోబర్ట్ వెంటనే. "జ్వరంతో పడి ఉంది. ఆవిడకేమీ చెప్పలేదు. తర్వాతెప్పుడో తెలిసింది. ఆవిడ చెయ్యి ఇందులో లేదు."

ఓలెటా చప్పున తలెత్తి ఆయన కేసి చూసింది.

పక్కన ఆస్‌బర్న్ మొహం వెలిగిపోతోంది. ఆయనకు అసలు సంగతి తెలియదు. "భలే చెప్పాడు," అని ఆవిడ చెవిలో ఊదాడు. "మీ మాటకిప్పుడు తిరుగులేదు. చేతికి మచ్చ లేని సాక్షి మీరు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి దిగిపోండి."

ఇరవయ్యొక్కేళ్ల నాటి అబద్ధానికి కాలదోషం పట్టింది కానీ, ఈ అబద్ధానికి ఇంకా తడి కూడా ఆరలేదు. ఎవరి కోసం చెప్పాడో ఆవిడకు తెలుసు. దాన్ని అలాగే ఉండనిస్తే షెల్బీ పేరు చేరుతుంది, లేసీ గెలుస్తుంది, తన పేరుకు మచ్చ రాదు. నష్టపోయేది ఒక్క హోబర్ట్. ఆయన ఎలాగూ నష్టపోయాడు.

ఓలెటాను పిలిచారు. బోనెక్కింది. ప్రమాణం చేసింది. ఆ రాత్రి మంచు గురించి, ఐడెల్లా గురించి, తెల్లవారుజామున విన్న మొదటి ఏడుపు గురించి ఆస్‌బర్న్ అడిగితే చెప్పింది. గదిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. జడ్జి కూడా ముక్కు తుడుచుకోవడం మర్చిపోయి విన్నాడు.

మార్గో హెయిన్స్ ఒక పాత కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. కౌంటీ ఆఫీసులో పుట్టుక రాయించిన అసలు కాగితం. అడుగున రెండు సంతకాలు.

"రెండోది మీదేనా అమ్మా?"

"నాదే."

"మీ ఆయన అన్నట్టు జ్వరంలో, చదవకుండా పెట్టారా? చదివే పెట్టారా?"

ఓలెటా తలెత్తింది. లేసీ రెండు చేతులూ జోడించి నోటికి ఆనించుకుంది. షెల్బీ తలుపు కేసి చూస్తోంది, ఎక్కడికెళ్లినా ముందు తలుపు చూడటం ఆ పిల్లకు అలవాటు. హోబర్ట్ ఆవిడ కళ్లలోకే చూస్తూ, ఎవరికీ కనపడనంత మెల్లగా తల అడ్డంగా ఊపాడు. వద్దు ఓలీ.

"చదివాను," అంది ఓలెటా. "రెండుసార్లు చదివాను. నాకు జ్వరం లేదు. ఆ తారీఖు వెయ్యమని ఆయనకు చెప్పింది నేనే."

ఆస్‌బర్న్ చేతిలోని కాగితం బల్ల మీదికి జారింది. హోబర్ట్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"మరి మీ ఆయన ఇందాక చెప్పింది?"

"నా కోసం చెప్పాడు. ఆయన్నేమీ అనకండి."

 మార్గో హెయిన్స్ ఇంకో ప్రశ్న కూడా వెయ్యకుండా వెళ్లి కూర్చుంది. అంతకంటే ఆవిడకేం కావాలి!

జడ్జి ప్రూయిట్ కళ్లజోడు తీసి, ఓలెటా వైపు వంగాడు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఆవిడకు భయం వేసింది.

"అమ్మా, ఆనాడు మీరిద్దరూ కలిసి కాగితం మీద అబద్ధం రాయించామంటున్నారు. ఈ పొద్దున మీ ఆయన నా ముందు ప్రమాణం చేసి ఇంకో అబద్ధం చెప్పాడంటున్నారు. మీ అమ్మాయి జనవరి నాలుగున పుట్టిందన్నదానికి మీ ఇద్దరి మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ ఒక్క మాట నేనెందుకు నమ్మాలో మీరే చెప్పండి."

ఓలెటాకు ఆ ప్రశ్న న్యాయంగానే తోచింది.